రక్తాన్ని బట్టి బరువు చెప్పలేం, ముందు మనిషిని తూకం వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న వేశారు, మనిషి ఒంట్లో రక్తం ఎంతుందో తెలిస్తే అతని బరువు ఎంతో చెప్పొచ్చా అని. చాలా మంచి ప్రశ్న, పెద్దవాళ్లకి కూడా తట్టనిది. జవాబు మాత్రం రెండు లైన్లలో తేల్చేశారు. కిలోకి 70 మిల్లీలీటర్ల చొప్పున రక్తం ఉంటుంది కాబట్టి 5 లీటర్లుంటే ఆ మనిషి బరువు 71 కిలోలు, భాగహారం చేసుకుంటే సరిపోతుంది అని రాశారు. నేను ఇక్కడ విశాఖలోనే బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయినదాన్ని, ఆ జవాబు చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఇది పిల్లల పేజీలో చిన్న పొరపాటులే అని వదిలేయడానికి లేదు. ఇలా బరువుని సుమారు లెక్కలతో తేల్చేసే అలవాటు మన రక్తదాన క్యాంపుల్లో కూడా ఉంది, అక్కడ దాని ఫలితం మనుషుల మీద పడుతుంది.

ముందు లెక్క సంగతి. కిలోకి 70 అన్నది తప్పేమీ కాదు. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్లు వేసుకునేదీ అదే, మేము వేసుకున్నదీ అదే. ఇంకొంచెం వివరంగా చూసుకుంటే మగవాళ్లకి కిలోకి 75 దాకా, ఆడవాళ్లకి 65 దగ్గర, పసిపిల్లలకి 80, అప్పుడే పుట్టిన బిడ్డకి 85 దగ్గర, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి 90 నుంచి 100 వేసుకుంటారు. అయితే ఇదంతా బరువు తెలిసినప్పుడు రక్తం ఎంతుంటుందో ఉజ్జాయింపుగా అనుకోవడానికి. దాన్ని తిరగేసి రక్తం నుంచి బరువుకి వస్తానంటే కుదరదు, ఎందుకంటే ఒంటి బరువంతా ఒకే రకం కాదు. కండకి, కాలేయానికి, కిడ్నీలకి రక్తం బాగా కావాలి. కొవ్వుకి చాలా తక్కువ సరిపోతుంది. మనిషి పది కిలోలు లావెక్కితే రక్తం కూడా కొంత పెరుగుతుంది గానీ పది కిలోలకి తగ్గట్టు 700 మిల్లీలీటర్లు పెరగదు, దాదాపు అందులో సగమే పెరుగుతుంది.

దీన్ని అంకెల్లో చూడాలంటే 1962లో నాడ్లర్ అనే ఆయన, తోటివాళ్లు కలిసి ఇచ్చిన సూత్రం ఉంది, ఇప్పటికీ బ్లడ్ బ్యాంకుల్లో ప్లాస్మా (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం), ప్లేట్‌లెట్లు తీసే మెషీన్లలో అదే వాడతారు. అందులో బరువుతో పాటు ఎత్తు కూడా వస్తుంది. మగవాళ్లకైతే ఎత్తుని మీటర్లలో తీసుకుని ఘనం చేసి 0.3669తో గుణించాలి, బరువుని 0.03219తో గుణించాలి, రెండూ కలిపి దానికి 0.6041 చేర్చాలి, వచ్చేది లీటర్లు. ఆడవాళ్లకి ఆ మూడు అంకెలు 0.3561, 0.03308, 0.1833. ఆ అబ్బాయి పక్కన క్యాలిక్యులేటర్ పెట్టుకుని ఇది చేసి చూడొచ్చు. 180 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మగమనిషికి సరిగ్గా 5 లీటర్లు వస్తుంది. 165 సెంటీమీటర్ల మగమనిషికి అదే 5 లీటర్లు రావాలంటే 85 కిలోలుండాలి. 155 సెంటీమీటర్ల ఆడమనిషికైతే 105 కిలోలు. ముగ్గురిలోనూ 5 లీటర్లే, బరువులు 70, 85, 105. ఇప్పుడు మీరు ఆ 5 లీటర్లని పట్టుకుని బరువు చెప్పమంటే ఎవరి బరువు చెప్పాలి?

ఇంకోటి కూడా చూడండి, 170 సెంటీమీటర్ల ఎత్తుండి 100 కిలోలున్న మగమనిషికి ఈ సూత్రం ప్రకారం 5.6 లీటర్ల రక్తం ఉంటుంది. మీరు ఇచ్చిన భాగహారం చేస్తే 80 కిలోలు అని వస్తుంది. 20 కిలోలు తేడా! 2006లో లెమెన్స్ అనే డాక్టరు బృందం ప్రత్యేకంగా ఊబకాయం ఉన్నవాళ్ల కోసమే ఒక లెక్క కట్టింది, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే కొలత) పెరిగేకొద్దీ కిలోకి ఉండే రక్తం ఎలా తగ్గుతుందో అందులో తెలుస్తుంది. బీఎంఐ 22 ఉన్నప్పుడు కిలోకి 70 అయితే, 35 దగ్గరికి వచ్చేసరికి అది 55కి పడిపోతుంది. నిండు గర్భిణుల్లో కథ తిరగబడుతుంది. వాళ్లకి రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, బరువు అంత పెరగదు, పైగా ఆ పెరిగినదాంట్లో ఎర్రకణాల కంటే నీరు ఎక్కువ, అందుకే నెలలు నిండేకొద్దీ హీమోగ్లోబిన్ తగ్గినట్టు రిపోర్టుల్లో కనిపించి ఇంట్లో వాళ్లకి టెన్షన్ మొదలవుతుంది.

అసలు ఒంట్లో రక్తం ఎంతుందో ఎలా తెలుస్తుంది అన్నది కూడా ఆ అబ్బాయికి చెప్పి ఉంటే బాగుండేది, ఎందుకంటే ప్రశ్నలో అసలు రుచి అక్కడే ఉంది. 1850ల్లో జర్మనీలో బిషాఫ్, వెల్కర్ లాంటి శాస్త్రవేత్తలు మరణశిక్ష పడినవాళ్ల శరీరాల మీద ఇది తేల్చడానికి ప్రయత్నించారు. కారిపోయిన రక్తం కొలిచి, ఒంట్లో మిగిలినదాన్ని నీళ్లతో కడిగి తీసి, ఆ నీళ్ల ఎరుపుని బట్టి ఇంకెంత రక్తం ఉందో లెక్కగట్టారు. శరీరం బరువులో పదమూడో వంతు అని వచ్చింది, ఈరోజు మనం చెప్పే 7, 8 శాతానికి అది చాలా దగ్గర. తర్వాత 1900లో హాల్డేన్, లోరెయిన్ స్మిత్ బతికున్న మనుషుల చేత కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ పీల్పించి, అది రక్తంలో ఎంతగా పలచబడిందో చూసి లెక్కకట్టారు, వాళ్లకి ఇరవయ్యో వంతే వచ్చింది, తక్కువ అంచనా. ఆ తర్వాత రంగు ఎక్కించే పద్ధతి వచ్చింది. ఇవాన్స్ బ్లూ అనే నీలి రంగుని తెలిసిన మోతాదులో నరంలోకి ఎక్కించి, అది అంతా కలిసేదాకా ఆగి, ఇంకో చేతి నుంచి రక్తం తీసి ఎంత పలచబడిందో చూస్తారు. గంగాళంలో నీళ్లెన్ని ఉన్నాయో తెలియనప్పుడు ఒక చెంచా నీలిమందు వేసి కలిపి నీలం ఎంత తేలిపోయిందో చూస్తే నీళ్లు ఎన్నో చెప్పొచ్చు, అదే సూత్రం. ఆ రంగు ప్లాస్మాలోనే ఉంటుంది కాబట్టి ముందు ప్లాస్మా ఎంతో తెలుస్తుంది, రక్తంలో ఎర్రకణాల శాతం పట్టుకుని మొత్తం రక్తం ఎంతో కడతారు. తర్వాత్తర్వాత రేడియో ధార్మికత ఉన్న అయోడిన్ తగిలించిన ఆల్బుమిన్ అనే ప్లాస్మా ప్రోటీను, క్రోమియం తగిలించిన ఎర్రకణాలు కూడా వాడారు.

ఇంత తతంగం చేసి రక్తం కొలిచి, దాన్నుంచి బరువు చెప్పడం ఎవరికి కావాలి? బరువు తెలుసుకోవడానికి మనిషి వెళ్లి తూకం మెషీన్ ఎక్కితే చాలు కదా. మన వైద్యంలో నడిచే దారి కూడా ఎప్పుడూ అదే, బరువు నుంచి రక్తానికి. కాబట్టి బరువు తప్పయితే తర్వాతదంతా తప్పే.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. మన దేశంలో రక్తదానానికి రూల్ ఉంది. కనీసం 45 కిలోలుండాలి, 45 నుంచి 55 మధ్య ఉంటే 350 మిల్లీలీటర్లే తీయాలి, 55 దాటితేనే 450. హీమోగ్లోబిన్ 12.5 ఉండాలి, వయసు 18 నిండాలి, మగవాళ్లు 90 రోజులకి, ఆడవాళ్లు 120 రోజులకి ఒకసారి ఇవ్వొచ్చు. ఈ 45, 55 అనే గీతలు ఊరికే గీసినవి కావు. ఒకసారి తీసే రక్తం మనిషి మొత్తం రక్తంలో 13 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 150 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోలున్న అమ్మాయికి నాడ్లర్ లెక్కన ఉండేదే 2.9 లీటర్లు. ఆమె నుంచి 350 తీస్తే 12 శాతం, హద్దులో ఉన్నట్టే. అదే అమ్మాయి నిజానికి 38 కిలోలే అయితే 13 దాటిపోయింది. 48 కిలోల అమ్మాయి 56 అని రాయించుకుని 450 ఇస్తే 15 శాతం. యాక్సిడెంట్ కేసుల్లో రక్తస్రావాన్ని నాలుగు మెట్లుగా చూస్తారు, మొదటి మెట్టు దాటి రెండో మెట్టు మొదలయ్యేది ఈ 15 దగ్గరే.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. మా చెల్లెలి కూతురు ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతోంది, కాలేజీలో క్యాంపు పెడితే ఫ్రెండ్స్‌తో కలిసి సరదాగా వెళ్లింది. ఫారం నింపే అబ్బాయి "ఎంత ఉంటావమ్మా" అని అడిగాడట. ఇది "యాభై అయిదు, యాభై ఆరు ఉంటానండీ" అందట, 56 అని రాసేశారు, 450 బ్యాగు పెట్టేశారు. రక్తం ఇచ్చి లేచి, జ్యూస్ తాగి, మెట్లు దిగుతుంటే కళ్లు తిరిగి కూలబడింది. దేవుడి దయ వల్ల పక్కన పిల్లలు పట్టుకున్నారు, తలకి దెబ్బ తగల్లేదు. సాయంత్రం మా ఇంటికి వస్తే మెషీన్ ఎక్కించాను, 48. "మరి అక్కడ తూకం మెషీన్ లేదా తల్లీ" అని అడిగితే, "ఉంది పెద్దమ్మా, దాని మీద బిస్కెట్ ప్యాకెట్ల అట్టపెట్టె పెట్టారు" అంది. పద్దెనిమిదేళ్ల పిల్లని బరువెంత అని అడిగితే ఎప్పుడో తూచుకున్నది చెబుతుంది, లేదా ఫ్రెండ్స్ ముందు తక్కువ చెబితే రక్తం ఇవ్వనివ్వరేమోనని కాస్త ఎక్కువ చెబుతుంది. దాన్ని తప్పుపట్టడానికేం లేదు. తూకం వేయాల్సిన బాధ్యత రక్తం తీసేవాళ్లది.

మా పనిలో ఒక విచిత్రం ఉంది, బయటివాళ్లకి తెలియదు. మంచం పక్కన రక్తం బ్యాగు పెట్టే చిన్న మెషీన్ ఉంటుంది, ఉయ్యాలలా ఊగుతూ ఉంటుంది, మేము షేకర్ అంటాం. రక్తం గడ్డకట్టకుండా బ్యాగులో ముందే పోసిన మందుతో అది బాగా కలవాలి కదా, అందుకు ఊగుతుంది. 350 బ్యాగులో ఆ మందు 49 మిల్లీలీటర్లు, 450 బ్యాగులో 63. ఆ షేకర్ ఊపడమే కాదు, బ్యాగుని తూస్తూ కూడా ఉంటుంది. 350 మిల్లీలీటర్ల రక్తం దాదాపు 370 గ్రాములు తూగుతుంది, అంత చేరగానే బీప్ కొట్టి ట్యూబు తనే నొక్కేసి ఆపేస్తుంది. రక్తం తక్కువ పడితే మందు ఎక్కువై ఆ బ్యాగు పాడవుతుంది, ఎక్కువ పడితే గడ్డలు కట్టే భయం, అందుకని అంత జాగ్రత్త. హీమోగ్లోబిన్ చూడటానికి కాపర్ సల్ఫేట్ నీలి నీళ్లు వాడే చోట కూడా అంతే, ఆ నీళ్ల సాంద్రత సరిగ్గా 1.053 ఉండేలా చూసుకుంటాం, వేలి నుంచి తీసిన రక్తపు బొట్టు అందులో వేస్తే పావు నిమిషంలో మునిగిపోవాలి, తేలితే ఆ మనిషిని వెనక్కి పంపేస్తాం. బ్యాగుని గ్రాముల్లో తూస్తున్నాం, బొట్టుని కూడా మూడు దశాంశాల దాకా చూస్తున్నాం. ఆ రక్తం ఇచ్చే మనిషిని మాత్రం కంటితో చూసి, నోటిమాట విని రాసుకుంటున్నాం. ఇది నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు.

మెషీన్ ఉన్నచోట కూడా చాలాసార్లు దాన్ని షామియానా కింద ఇసుక మీదో, గడ్డి మీదో, తివాచీ పరిచిన చోటో పెడతారు. స్ప్రింగు మెషీన్ మెత్తటి నేల మీద పెడితే తప్పు చూపిస్తుంది. ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూసేవాళ్లు లేరు. బీచ్ రోడ్డులో పెట్టే క్యాంపుల్లో ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పట్టినవి కూడా చూశాను. పైగా జేబులో సెల్‌ఫోను, చేతిలో బైకు హెల్మెట్, కాళ్లకి బూట్లు. 44 కిలోలున్న మనిషి ఈ హంగులన్నిటితో 46 అయిపోతాడు.

పిల్లల విషయంలో ఇది ఇంకా సున్నితం. మూడు కిలోల పసిగుడ్డు ఒంట్లో మొత్తం రక్తం 250 మిల్లీలీటర్లు. కిలో బరువుతో పుట్టిన బిడ్డకైతే 100 కూడా నిండదు, టెస్టులకని నాలుగుసార్లు తీసే రక్తం కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది. రక్తం ఎక్కించేటప్పుడు మామూలుగా కిలోకి 10 నుంచి 15 మిల్లీలీటర్ల చొప్పున వేస్తారు. బరువు తూచే వీలు లేనప్పుడు వాడే పాత లెక్క ఒకటుంది, పిల్లవాడి వయసుకి నాలుగు కలిపి రెండుతో గుణించడం. నాలుగేళ్ల వాడికి 16 కిలోలు వస్తుంది. మన పాడేరు, అరకు వైపు కొండ గూడేల నుంచి కిందికి తీసుకొచ్చే పిల్లల్లో నాలుగేళ్లు నిండినా 11 కిలోలు దాటని వాళ్లుంటారు. వాళ్లలో కొందరికి ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు, కొందరికి మలేరియా తర్వాత రక్తం బాగా పడిపోయి ఉంటుంది, రక్తం ఎక్కించక తప్పదు. 16 కిలోలనుకుని కిలోకి 15 వేస్తే 240 మిల్లీలీటర్లు, నిజంగా ఎక్కించాల్సింది 165. ఒంట్లో అంతా కలిపి 800 చిల్లర ఉండే పిల్లవాడికి 75 మిల్లీలీటర్లు ఎక్కువ పోవడమంటే చిన్న విషయం కాదు, బలహీనంగా ఉన్న గుండె మీద ఆ భారమంతా పడుతుంది. బాగా చిక్కిపోయిన పిల్లలకైతే కిలోకి 10 మాత్రమే, అది కూడా మూడు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పదిని దేనితో గుణించాలి? తూచిన బరువుతోనే.

పిల్లలకి అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేసి కార్డు మీద రాస్తారు, ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు ఆ కార్డు వెంట తెచ్చుకోమని తల్లులకి చెప్పండి, మీ పత్రిక జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేసినా చాలు. తూకం వేసే లోపే రక్తం మొదలుపెట్టాల్సిన అత్యవసరంలో ఆ కార్డు ఎంత ఉపయోగపడుతుందో ఆ సమయంలో వార్డులో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో మాట, నా ఉత్తరం చదివి ఎవరైనా రక్తం ఇవ్వడానికి భయపడితే నాకు చాలా బాధ. రూల్ ప్రకారం తూచి తీస్తే భయపడాల్సింది ఏమీ లేదు. పోయిన నీరు ఒకటి రెండు రోజుల్లో భర్తీ అయిపోతుంది, ఎర్రకణాలకి కొన్ని వారాలు పడుతుంది, అందుకే ఆ 90, 120 రోజుల గడువు. ఎండాకాలంలో కాలేజీలకి సెలవులిచ్చాక మన బ్లడ్ బ్యాంకుల్లో ఫ్రిజ్‌లు సగానికి ఖాళీ అయిపోతాయి, తరచూ రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా పిల్లల తల్లిదండ్రులు కౌంటర్ల దగ్గర నిలబడి డోనర్ల కోసం ఫోన్లు చేసుకుంటూ ఉంటారు. రక్తం కావాలి. ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ రావాలి. మొదటిసారే మెట్ల మీద పడిపోయిన పిల్ల రెండోసారి వస్తుందా? మా చెల్లెలు ఇప్పటికే ఖరాఖండిగా చెప్పేసింది, ఇక పంపనని.

కాబట్టి మీకు నా విన్నపం, పిల్లల పేజీలో ఆ జవాబుని సరిదిద్ది మళ్లీ వేయండి, ఎత్తు కూడా పెట్టి లెక్క చూపించండి. జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినమనీ, అక్టోబర్ 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమనీ మన ఊళ్లో కాలేజీలు, కంపెనీలు, అభిమాన సంఘాలు పోటీపడి క్యాంపులు పెడతాయి. వాటిని నడిపే కుర్రాళ్లకి చెబుతున్నాను, బ్లడ్ బ్యాంకుతో డేటు మాట్లాడుకునే రోజునే తూకం మెషీన్ తెస్తున్నారా అని అడగండి. తేకపోతే పక్కనున్న క్లినిక్ నుంచో జిమ్ము నుంచో ఒకటి అరువు తెచ్చుకోండి. గచ్చు నేల మీద పెట్టండి, పొద్దున్నే సున్నా చూడండి, విప్పని 10 కిలోల బియ్యం సంచి ఒకటి పెట్టి 10 చూపిస్తోందో లేదో సరిచూసుకోండి. చెప్పులు, ఫోను పక్కన పెట్టించి ఎక్కించండి, మెషీన్ ఏది చూపిస్తే అదే ఫారంలో రాయండి. 45కి అరకిలో తక్కువున్నా ఆ మనిషికి నచ్చజెప్పి, రిజిస్టరు రాసే పని ఇచ్చి కూర్చోబెట్టండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.